పట్టాల అతుకు చల్లగానే ఉంది

స్వప్న నాన్నగారికి,

మీరు పోయాక ఇదే మొదటి ఆయుధపూజ. పాశమైలారం ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చాక మీరు హాలంతా పట్టాలు పరిచి నడిపే బొమ్మ రైలును మళ్లీ బయటికి తీశాను. ఇంజనుకు బొట్టు పెట్టి, మనసాగక పట్టాలకు కూడా పసుపు కుంకుమ పెట్టాను. రైలు కాసేపు తిరిగి, మూల దగ్గర నెమ్మదించింది. స్వప్న అక్కడి అతుకును తాకి చటుక్కున వేలు తీసుకుంది.

“అమ్మా, కాలుతుంది! ఇంజనుకే బొట్టు పెట్టుమని నాయిన చెప్పెటోడు గదనే. అతుకుల పొడి సొచ్చింది సూడు.”

“దేవుని పనని పెట్టిన బిడ్డా.”

“దేవుడు మెచ్చినా కరెంటు మెచ్చదే!”

అతుకు వేడెక్కితే కింది ప్లాస్టిక్ కరిగి పట్టా పాడవుతుందని మీరనేవారు. భయపడి స్విచ్ ఆపాను. మీ బ్రష్షుతో పొడి దులిపి, వదులైన అతుకును పట్టకారుతో బిగించాను. మళ్లీ నడిపాక, మీలాగే వేలి వెనక భాగంతో ఒక్కో అతుకునూ తాకి చూశాను. అన్నీ చల్లగా ఉన్నాయి.

అలా చూశాక మీరు ఆ వేలిని నా చెంపకు ఆనించి, “సల్లగుంది సూడు” అనేవారు. ఈసారి స్వప్న చూడకుండా, నా వేలిని నేనే ఆనించుకున్నాను.

రైలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపబుద్ధి కావడం లేదు.

మీ లక్ష్మి