కీ ఇచ్చిన చోటు

కోట,
11-8-1963

నా కరుణకు,

నీ ఆసుపత్రి డ్యూటీ అయ్యాక, ఒక్కదానివే కూర్చుని ఇది చదువు. కడగడానికి బొంబాయి పంపిన ఫిల్ము నిన్న తపాలాలో వచ్చింది. గడియ పెట్టుకుని ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూశాను. చూడకపోతే బాగుండేది.

పట్టపుపాళెంలో రమణయ్య పడవ అలల్లో తిరగబడి అతను పోయిన రోజు నేను కెమెరాతో ఒడ్డున ఉన్నానని నీకు తెలుసు. పడవకు కట్టిన తాడు ఒడ్డు నుంచి పట్టింది ముత్యాలయ్య. పాత పగతో అతనే తాడు వదిలేశాడని కులపెద్దలు వెలివేశారు. నెల రోజులుగా అతనితో ఎవరూ పడవెక్కరు, అతని భార్య తట్టలో చేప ఎవరూ కొనరు. నన్నడిగితే, నా కన్ను పడవ మీదుంది, తాడు చూడలేదన్నాను. అది నిజమే. ఫిల్ములో మాత్రం ఓ మూల తాడు కనిపిస్తోంది. అది తెగి, కొస వచ్చి అతని ముఖానికే కొట్టింది. అతను వదల్లేదు కరుణా.

చూపిస్తే అతను బయటపడతాడు, నేను దొరికిపోతాను. పడవ తిరగబడగానే కెమెరా పారేసి పరిగెత్తానని అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. అబద్ధం. గడియారానికి ఇచ్చినట్టు ఈ కెమెరాకు కీ ఇవ్వాలి, ఇస్తే అర నిమిషమే ఆడుతుంది. బొమ్మ ఒకచోట ఎగిరిపడి మళ్ళీ మొదలవుతుంది. అక్కడ నేను కీ ఇచ్చాను. మనిషి మునుగుతుంటే, రెండో తాడు నా కాళ్ళ దగ్గరే ఉంటే, కీ ఇచ్చి మళ్ళీ తీశాను. బొమ్మ బాగా వస్తోందన్నది తప్ప అప్పుడు నా బుర్రలో ఇంకేం లేదు.

పొయ్యిలో వేద్దామని రెండుసార్లు లేచాను. వేయలేదు. ఎవరికీ చూపించనూ లేదు. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు.

నీ దావీదు

కోట,
18-8-1963

కరుణా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. నిన్న మధ్యాహ్నం మా బడిగది కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పెద్దలనూ, ముత్యాలయ్యనూ, రమణయ్య భార్య పేరమ్మనూ కూర్చోబెట్టి చూపించాను. తాడు తెగడం చూసి కులపెద్ద కామాక్షయ్య లేచి ముత్యాలయ్య చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయిందిరా అబ్బయ్యా. రేపట్నించి నా పడవలోకి రా," అన్నాడు. బొమ్మ ఎగిరిపడటం ఒక్కరూ పట్టించుకోలేదు. పైగా నాకు దండాలు పెట్టారు. నోరు మూసుకుంటే సరిపోయేది.

మూసుకోలేకపోయాను. అందరూ వెళ్ళాక పేరమ్మకు చెప్పాను, కీ సంగతీ, రెండో తాడు సంగతీ.

"తెల్సు అయ్యోరా," అన్నది. "దిబ్బ మింద్నించి పరిగెత్తుకొస్తా నిన్ను కేకేసినా. తాడు ఇసరమని మూడు తూర్లు అరిసినా. నువ్వు తిరిగి చూళ్ళా."

మరి పెద్దల ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తావేమోనని చూసినా."

తిట్టినా బాగుండేది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇంట్లో రమణయ్య ఫోటో ఒక్కటీ లేదట.

"ఇంకో తూరి ఎయ్యి. పడవలో నిలబడుకోనుంటాడే, ఆడిదాకా చాలు," అన్నది.

నాలుగుసార్లు వేశాను. ప్రతిసారీ అక్కడే ఆపాను.

దావీదు