పాస్‌వర్డ్ పైకి చదివాను

మంగళవారం, రాజమండ్రి

కంప్యూటర్‌లో సెట్టింగ్స్ పిల్లలు మార్చకుండా నెల క్రితం నేనే పాస్‌వర్డ్ పెట్టాను. ఇవాళ ఏడో తరగతి చదివే మా అమ్మాయి స్వీటీ వచ్చి, "మమ్మీ, అది మార్చెయ్. నాకు మొదటిరోజే తెలిసిపోయింది," అంది.

"ఎలాగే?"

"బోర్డు మీద రాసేటప్పుడు పైకి చదువుతావు కదా, టైపు చేసేటప్పుడూ అంతే."

ఇరవై ఏళ్ల టీచరమ్మ అలవాటు! సెట్టింగ్స్ అన్నీ చూశాను. ఒక్కటీ మారలేదు.

"మరి ఇన్నాళ్లకి చెప్పావేంటి?"

"ఈమధ్య ఆ సెట్టింగ్స్ తీసి చూడాలనిపిస్తోంది మమ్మీ."

గుండె నిండిపోయింది. నాకు ఆ వయసులో ఇంత ధైర్యం లేదు. పెద్దయ్యాక కూడా ఇలాగే వచ్చి చెబుతుందా...

కొత్తది కొడుతుంటే మళ్లీ నా పెదాలు కదిలాయి. తిరిగి చూస్తే, రెండు చెవులూ మూసుకుని గోడవైపు నిలబడి ఉంది నా బంగారం.