నువ్వు వెళ్ళిన టూర్

వాటర్లూ,
సెప్టెంబర్ 14

నిఖిలా,

ఎప్పుడూ "నిఖీ" అని మొదలుపెట్టేదాన్ని. ఇవాళ అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే నేను గొంతు పెంచుతాను, నువ్వు ఏడుస్తావు, అసలు సంగతి వదిలేసి నిన్ను ఊరుకోబెడుతూ కూర్చుంటాను. మన మధ్య ఎప్పుడూ జరిగేది అదే. అందుకే రాస్తున్నాను. చదువుతూ నువ్వు ఏడ్చినా నాకు కనబడదు.

ఆదివారం మధ్యాహ్నం మీ ఆఖరి మ్యాచ్ లైవ్‌లో చూశాను. కెనడా ముప్పై ఒక్క పరుగులకి ఆలౌట్. పక్కన కూర్చున్న మా ఆయన "అయ్యో, చిన్నపిల్లలు" అన్నాడు. నాకు అయ్యో అనిపించలేదు. వికెట్ పడినప్పుడల్లా సంతోషం వేసింది. ఇన్నేళ్లు నేను వేసుకున్న జెర్సీ ఓడిపోతుంటే సంతోషించే మనిషిగా నన్ను తయారుచేసింది నువ్వు. మిగతావన్నీ మర్చిపోయినా అది మాత్రం మర్చిపోను.

జూన్‌లో మా ఇంట్లో ఏం అనుకున్నాం? మన జట్టు బతుకు నీకు తెలియనిది కాదు. టూర్‌కి మూడు వారాల ముందు మెయిల్ వస్తుంది. తలో ఊరి నుంచి చేరతాం. సిమెంటు మీద పరిచిన మ్యాట్ మీద నాలుగు రోజులు ఆడి, పరాయి దేశంలో టర్ఫ్ పిచ్ మీదికి దిగి, బంతి ఎంత లేస్తుందో అర్థమయ్యేలోపు ఓడిపోయి వస్తాం. మళ్ళీ టూర్ దాకా మన మొహం చూసేవాళ్లుండరు. మగవాళ్ల జట్టుకి కోచ్, ఫిజియో, ఏడాది పొడుగునా క్యాంపులు. మనకి టూరుకొక కొత్త మేనేజరు. ఫుల్‌టైమ్ కోచ్‌ని ఇచ్చేదాకా, టర్ఫ్ మీద ప్రాక్టీస్ ఇచ్చేదాకా ఈ ప్రపంచకప్ క్వాలిఫయర్‌కి ఎవరం వెళ్ళకూడదని అనుకున్నాం. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాను. నువ్వు సోఫా అంచున కూర్చుని తల అడ్డంగా ఊపావు. లేదన్నట్టు. నేను నీ మొహమే చూస్తున్నాను ఆ క్షణంలో.

ఫాతిమాకి ముప్పై ఎనిమిదేళ్లు. ఆవిడకి అదే ఆఖరి టూర్ అయ్యేది. "నేను ఆగుతాను, వెనక వచ్చేవాళ్లకైనా బాగుంటుంది" అంది. ఆవిడ ఆగింది. నువ్వు ఆగలేకపోయావు. జట్టు పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టాక కెప్టెన్ నిఖిల అని చదివి, ఇంకెవరో నిఖిల అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

మనం ఎవరం వెళ్ళకపోతే జట్టు లేక బోర్డు పరువు పోయేది. దిగొచ్చేవాళ్లు. నువ్వు స్కూలు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి వాళ్ల పరువు కాపాడావు. ఆ పిల్లల చేత ముప్పై ఒకటి కొట్టించావు. దీనికి సమాధానం రాయక్కర్లేదు.

మధుమిత

* * *

సార్నియా,
సెప్టెంబర్ 21

అక్కా,

ఎంత కోపంలో ఉన్నా నిన్ను పేరు పెట్టి పిలవడం నాకు రాదు. సమాధానం వద్దన్నవ్. నువ్వు చెప్పినట్టు వినడం జూన్‌తోనే అయిపోయింది గనక రాస్తున్న.

"అనుకున్నాం" అని రాసినవ్. మనం అనుకోలేదక్కా, నువ్వు అనుకున్నవ్. అభ్యంతరం ఉందా అని మమ్మల్ని అడిగేటప్పటికే పేపర్ వాళ్లకు చెప్పేసినవ్. మేం మీ ఇంట్లనుంచి కారెక్కకముందే ఆ వార్త నా ఫోన్ల ఉంది. తల ఊపిన, నిజమే. మీ అందరికన్నా చిన్నదాన్ని, స్టూడెంట్‌గా వచ్చి ఆఖర్న టీమ్‌ల చేరినదాన్ని, మీ ఇంట్ల మీ అన్నం తింటూ కాదని ఎట్ల అంటా?

వారం తర్వాత రంగనాథ్ సార్ ఫోన్ చేసిండు. ఈ టూర్‌కు కొత్త మేనేజర్ ఆయనే అని నీకు తెలుసు. "సీనియర్లు రాకున్నా టీమ్ పోతది. అండర్-నైన్టీన్ పిల్లల్ని పంపిస్తున్నం" అన్నడు.

"వాళ్లతోని ఎవరు పోతరు సార్?" అని అడిగిన.

"నేనున్న గదా."

"గ్రౌండ్ల ఎవరుంటరు?"

"అందుకే నీకు ఫోన్ చేసిన" అన్నడు.

ఆయనకు హెల్మెట్ ఏ సైజు ఎవరికి పెట్టాలో తెల్వదు. ఆ జట్టుల ఆరుగురు నా దగ్గర నేర్చుకున్న పిల్లలు. చలికాలమంతా ఇక్కడ స్కూల్ జిమ్‌ల, చెక్క నేల మీద టెన్నిస్ బాల్‌తో. రిటైర్మెంట్ హోమ్‌ల నా షిఫ్ట్ అయిపోంగనే పోయి నెట్ కట్టేదాన్ని. ఇక్కడ బస్సులుండవని వాళ్లను ఇండ్లకాడ దింపి వచ్చేదాన్ని కూడా నేనే. ఆ పిల్లలు టర్ఫ్ మొహం చూడలే, ఎదుటి జట్లల అంత జోరుగ బౌలింగ్ చేసే ఆడోళ్లను చూడలే. వాళ్లను ఆయన చేతిల పెట్టి నేను ఇక్కడ కూర్చుని లైవ్ చూడాల్నా? నీకు రెండుసార్లు ఫోన్ చేసిన. "ఇంటర్వ్యూలో ఉన్నా, తర్వాత మాట్లాడదాం" అన్నవ్. తర్వాత రాలేదు. నా జాగాల నువ్వుంటే ఏం చేసేదానివి? దెప్పడానికి అడుగుతలేను. నిజంగ అడుగుతున్న.

నా మీద నీ కోపం నాకు అర్థమైతది. కానీ హర్షిణి వాళ్లమ్మకు ఎందుకు ఫోన్ చేసినవ్? "పిల్లని పంపితే రేపు సీనియర్లు దాన్ని దగ్గరికి రానివ్వరు" అన్నవట. శాంత ఆంటీ భయపడి ఆ పిల్లకు చెప్పింది. విమానంల అది నా పక్క సీట్ల కూర్చుని "డూ దే హేట్ మీ?" అని అడిగింది. పదహారేండ్లు దానికి. నీలాగ కీపింగ్ చెయ్యాలని నీ వీడియోలు పెట్టుకుని చూసే పిల్ల. లేదు లేదు అని చెప్పిన. అబద్ధం చెప్పిన.

ముప్పై ఒకటి అని ఎద్దేవా చేసినవ్. అందుల పదకొండు దానివి. బంతి మోచేతికి తగిలి వాచిపోయినా బయటకు రానన్నది. మ్యాచ్ అయినంక డ్రెస్సింగ్ రూమ్‌ల ఒక్కరు ఏడ్వలే. "మళ్ళీ ఎప్పుడు ఆడతాం?" అని అడిగిన్రు. నువ్వు సంతోషపడ్డ మ్యాచ్ అది.

నేను చేసింది తప్పని నువ్వు అనుకో. నేను అనుకోను.

నిఖిల

* * *

వాటర్లూ,
జూన్ 8

నిఖిలా,

చలికాలం దాటిపోయింది, నీకు రాయలేదు. నువ్వు అడిగినదానికి సమాధానం లేక కాదు. నేనైతే వెళ్ళేదాన్ని కాదు. ఆ పిల్లల అమ్మానాన్నల్ని ఒక్కొక్కరినీ పట్టుకుని ఎవరూ వెళ్ళకుండా ఆపేదాన్ని. శాంత గారికి ఫోన్ చేసింది అందుకే. అన్న మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

బోర్డు దిగొచ్చిన సంగతి నీకూ తెలుసు. జనవరిలో ఫుల్‌టైమ్ కోచ్ వచ్చింది, మిల్టన్‌లో టర్ఫ్ వేశారు. మేం వెళ్ళకపోవడం వల్లనా, మీరు అంత ఘోరంగా ఓడిపోవడం వల్లనా, నాకు తెలియదు. ఫాతిమా మాత్రం మా వల్లే అంటుంది.

నీకెవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. వచ్చిన వారానికే కొత్త కోచ్ నన్ను పిలిచి, ఆ టూర్‌కి వెళ్ళినవాళ్లని ఏం చేద్దామని అడిగింది. "పిల్లల్ని తీసుకోండి. నిఖిల వస్తే నేను రాను" అన్నాను. నిన్ను ట్రయల్స్‌కి పిలవకపోవడానికి కారణం నీ బౌలింగ్ కాదు, నేను.

పిలవకపోయినా నువ్వు వచ్చావు. శనివారం పొద్దున్నే సార్నియా నుంచి వ్యాన్‌లో ఆరుగుర్ని తీసుకొచ్చి, బౌండరీ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నావు. నేను చూడనట్టు నటించాను. ఆట మొదలయ్యాక నటించే తీరిక కూడా లేకపోయింది. బాగా ఆడుతున్నాను, నలభై పరుగులు దాటాను. నువ్వు తెచ్చినవాళ్లలో జడ వేసుకున్న పిల్ల బౌలింగ్‌కి వచ్చింది. రెండు బంతులు మామూలుగా వేసి మూడోది గాలిలోకి వదిలింది. నేను ముందుకి దూకాను. వెనక బెయిల్స్ పడిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే హర్షిణి స్టంప్స్ పక్కన నిలబడి ఉంది. అరవలేదు, గెంతలేదు. "సారీ, ఆంటీ" అంది.

నీకు నవ్వొస్తుందని తెలుసు. నవ్వుకో. నాకు ముప్పై నాలుగే.

లంచ్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఆర్ యూ స్టిల్ మ్యాడ్ ఎట్ అస్?" అని అడిగింది.

"మీ మీద కాదు" అన్నాను.

"నిఖిలక్క మీద?"

"ఊఁ."

"షీ సెడ్ యూ ఆల్వేస్ కమ్ డౌన్ ద పిచ్ ఆఫ్టర్ ఫార్టీ," అని చెప్పి శాండ్‌విచ్ తినడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి అందులో దాచాల్సింది ఏమీ కనబడలేదు.

సాయంత్రం కోచ్ పిలిచి, ఇక కీపింగ్ గ్లవ్స్ హర్షిణికి అంది. నన్ను బ్యాటర్‌గా ఉంచుతారట. వాదించలేదు. నేను అవుటయ్యాక లెగ్‌సైడ్ పోయే బంతిని అది పట్టిన తీరు చూశాను. నేను పట్టేదాన్ని కాదు.

పార్కింగ్‌లో నువ్వు బ్యాగులు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నావు. సగం దూరం వచ్చాను. నువ్వు నన్ను చూశావు, చూసి ఇంకో బ్యాగు ఎత్తావు. నేను వెనక్కి తిరిగి కోచ్ దగ్గరికి వెళ్ళాను.

"నిఖిల గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

"మీరిద్దరూ కలిసిపోయారా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు?"

"నన్ను ఎలా అవుట్ చేయాలో ఆ పిల్లలకి నేర్పింది ఆమే. మిగతా జట్ల సంగతి కూడా నేర్పాలి కదా."

కోచ్ రేపో మాపో నీకు ఫోన్ చేస్తుంది. వచ్చే శనివారం ఎనిమిదింటికి మిల్టన్‌లో క్యాంపు. ఇది చదివి నిన్ను క్షమించాననుకోకు. ఆ టూర్ మాట వస్తే నేను సెప్టెంబర్‌లో రాసిందే మళ్ళీ అంటాను, నువ్వూ నీదే అంటావు. వ్యాన్‌లో వచ్చినా, కార్లో వచ్చినా, నా పక్కన పార్క్ చేయక్కర్లేదు. నీ బౌలింగ్‌కి వికెట్ల వెనక హర్షిణి ఉంటుంది. నేను స్లిప్‌లో నిలబడతాను. బ్యాట్ అంచుకి తగిలి బంతి నా వైపు వస్తే పట్టుకుంటాను.

అంతకు మించి నన్నేమీ అడక్కు.

మధుమిత