బొద్దు బరువు

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి బొద్దుని ముట్టుకోను. ఖాయం!

బొద్దు మా పెంపుడు బల్లి. గోడమీద తిరిగే రకం కాదు. పసుపు ఒంటిమీద నల్ల చుక్కలుండే చిరుత బల్లి. అయిదు నెలల పిల్ల. లావెక్కుతుందన్న ఆశతో ఆ పేరు పెట్టాను. అది పద్నాలుగు గ్రాముల దగ్గర ఆగిపోయింది. దీని తోబుట్టువు మా తోడికోడలి దగ్గరుంది. రెండూ ఒకే రోజు గుడ్డులోంచి వచ్చాయి. అది ముప్ఫై గ్రాములట. ఆ సంగతి చెప్పకుండా తోడికోడలు ఏనాడూ ఫోన్ పెట్టేయలేదు.

జంతువుల డాక్టరు బొద్దుని తిరగేసి చూశాడు. నోరు చూశాడు, కాలివేళ్లు చూశాడు.

"జబ్బేం లేదమ్మా. పెట్టెలో వేడి చాలట్లేదు, అందుకే తిన్నది అరగట్లేదు. సరే గానీ, రోజుకెన్నిసార్లు తూస్తారు?"

"ఒక్కసారే," అన్నాను.

"నాలుగు," అన్నారు మా ఆయన. ఆయన్నెవరడిగారు?

"మీరు చేయి పెట్టినప్పుడల్లా తనని తినడానికేదో వచ్చిందనుకుని అది హడలిపోతుంది. నెల్రోజులు ముట్టుకోకండి. ఆదివారం ఒక్కసారి తూయండి, చాలు."

ఓస్, ఇంతేనా! బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకెట్లు తూచే సెక్షన్‌కి సూపర్‌వైజర్ని నేను. నియమం గురించి నాకొకరు చెప్పాలా?

మార్చి 4

గాజుపెట్టె కింద కొత్త వేడి మ్యాట్ వేశాం. ముట్టుకోలేదు. చాలా తేలిక. జనం మాట మీద ఎందుకు నిలబడరో!

అత్తయ్య వచ్చి మ్యాట్ మీద చేయి ఆనించి చూశారు. "నా మోకాళ్లకి వేడినీళ్ల సంచి చాలన్నారు. దీనికి హీటరా?"

నవ్వి మ్యాట్ వైరు సర్దాను. ఈ వారం నిగ్రహం నా ప్రత్యేకత.

మార్చి 5

చూడటం ముట్టుకోవడం కిందికి రాదు. భూతద్దం పెట్టి చూశాను. కాలివేలికి పాత చర్మం అంటుకుందేమో? ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది.

తడి దూదిపుల్లతో తుడిచాను. ముట్టుకున్నది దూదిపుల్ల. నేను కాదు. నియమం క్షేమం.

మార్చి 7

తోడికోడలి ఫోన్.

"మావాడికి పెట్టె చాలట్లేదక్కా, పెద్దది కొంటున్నాం. మీది ఇంకా అంతేనా? అయ్యో పాపం!"

ఆ 'పాపం'లో ఎంత ఆనందమో!

ఫోన్ పెట్టేసి బొద్దుని తూచాను. తూయాల్సింది ఆదివారమే. కానీ ఆదివారం ఇల్లు దులపాలి, తీరికుండదు. ముందే కానిచ్చేశాను. పద్నాలుగు.

మార్చి 8

త్రాసు మీద అనుమానం వచ్చింది. చక్కెర వేసి చూశాను, ఉప్పు వేసి చూశాను. మంచి త్రాసే. ఎలాగూ బయటికి తీశాను కదా అని బొద్దునీ పెట్టాను. ఇది త్రాసుకి పరీక్ష, బల్లికి కాదు.

"ఇంకొన్ని రోజులు తూస్తే అరిగిపోతుంది," అన్నారు మా ఆయన.

త్రాసా, బల్లా?

మార్చి 11



పొద్దున్నే డ్యూటీకి తొందర. బొద్దు పెట్టెలోని తన గూట్లోంచి బయటికి రాలేదు. ఒక్కసారి తూచి పోదామని చేయి పెట్టి లాగాను. తోక నా చేతిలోకి వచ్చేసింది. మిగతా బొద్దు గూట్లోనే ఉంది. తోక నా అరచేతిలో గిలగిలా కొట్టుకుంటోంది.

నా కేకకి అత్తయ్య పరుగున వచ్చారు. ఆవిడ మోకాళ్లతో పరుగెత్తడం ఈ ఇంటికొచ్చాక ఇదే చూడటం. తోకని కాగితంలో తీసుకుని, "నువ్వు అటు తిరుగమ్మా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరు: "తోక మళ్లీ వస్తుంది. కాకపోతే దాని కొవ్వు నిల్వంతా తోకలోనే ఉంటుంది. ఇప్పుడు తిండి మానేస్తే కష్టం." ఆగి, నా చేతుల వంక చూశాడు. "వేడి సరిగానే ఉందమ్మా."

మిగిలిన కారణం ఏమిటో ఆయన చెప్పలేదు. మర్యాదస్థుడు.

మార్చి 13

తినలేదు. మా ఆయన త్రాసుని ఎక్కడో దాచారు. ఎక్కడో నాకు తెలుసు. వెళ్లలేదు.

మార్చి 14

తినలేదు. ప్యాకింగ్ దగ్గర తక్కువ బరువు ప్యాకెట్ పక్కకి తోసేస్తుంటే చేయి ఆగింది. బెల్టు ఆపేసి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. బిస్కెట్ల కోసం ఏడ్చిన మొదటి సూపర్‌వైజర్ని నేనే అయ్యుంటాను.

సాయంత్రం తోడికోడలు వచ్చింది. పెట్టెలోకి చూసింది, 'పాపం' అనలేదు.

"అక్కా, మావాడికి ఒళ్లు ఎక్కువైందట. నడవలేక ఆయాసపడుతున్నాడు. డాక్టరు తిండి సగం చేయమన్నాడు. నీకు చెప్పాలంటే సిగ్గేసింది."

"పెద్ద పెట్టె?"

"అది అబద్ధం."

ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం. ఇన్నాళ్లలో బరువు ప్రసక్తి లేకుండా కాఫీ తాగడం ఇదే మొదటిసారి.

మార్చి 16

తిన్నది!!! మేతకి వేసిన కీచురాయిని వెంటాడి, మొండి తోకతోనే గురిచూసి, గుటుక్కున మింగింది!

"పట్టేసిందే!" అని అత్తయ్య అరిచారు. పొద్దుట్నుంచీ కుర్చీ వేసుకుని అక్కడే ఉన్నారట. ఎందుకని అడిగితే, "ఆ మ్యాట్ దగ్గర వెచ్చగా ఉంటుంది," అన్నారు.

మార్చి 22

రోజూ తింటోంది. మొండి దగ్గర గులాబీరంగు మొగ్గలాంటిది వచ్చింది. కొత్త తోక! పదకొండో తారీఖు నుంచి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. దూదిపుల్లతో కూడా.

మార్చి 23, ఆదివారం

నీళ్లగిన్నె మార్చడానికి చేయి పెట్టాను. గిన్నె మాత్రమే. బొద్దు గూట్లోంచి వచ్చింది. నా వేలిని నాలుకతో తాకి చూసింది. ఆలోచించింది. మెల్లగా అరచేతిలోకెక్కి, పొట్ట ఆనించి, కళ్లు మూసుకుంది.

కదల్లేదు నేను. చేయి తిమ్మిరెక్కింది. వంటింట్లో పాలు పొంగుతున్నాయని మా ఆయన అరిచారు. పొంగనీ.

గమనిక: నేను ముట్టుకోలేదు. అదే ముట్టుకుంది. అయినా డాక్టరు ఒప్పుకోడు కాబట్టి ఈ రోజుని లెక్కలోంచి తీసేస్తున్నాను.

రేపట్నుంచి నెల్రోజులు ముట్టుకోను. ఖాయం! అది ఒప్పుకుంటే.