దేవుడి దీపం తినేసిన బ్యాటరీ

ఉంజింటో, దక్షిణాఫ్రికా, 14-5-96

అమ్మా, అందరం కులాసా. కానీ నిన్న అన్నయ్య వల్ల నా టీచరు ఇంటర్వ్యూ తప్పిపోయింది! మంచం, పొయ్యి ఉన్న మోటార్‌హోమ్ కొన్నాడు కదా, అందులో వెంకన్న పటానికి చిన్న బల్బు పెట్టి ఇంజన్ బ్యాటరీకి తగిలించాడు. శనివారం నేను ఆర్పబోతే, "దేవుడి దీపం ఆర్పుతావా? అపచారం!" అని కసిరాడు. నిన్న సోమవారం పొద్దున ఇంటర్వ్యూకు బయల్దేరబోతే ఇంజన్ కిక్కురుమనలేదు. పైగా తప్పు నా పాటల క్యాసెట్లదట! పక్కింటి భాగ్యం అత్త తన కారు బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేయించింది. "అయ్యో మా, మీ దీపమే బ్యాటరీ తినేసె, నో?" అని నవ్వింది. స్కూలుకు చేరేసరికి అంతా అయిపోయింది. బతిమాలితే శుక్రవారం రమ్మన్నారు.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఆర్పితే పాపం రాదని అన్నయ్యకు నువ్వే రాయి, నా మాట వినడు. శుక్రవారం తనే దింపుతాడట. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. నేను బస్సులో వెళ్తాను.

నాన్నకు నమస్కారాలు.
అఖిల