కిందికి దించిన నల్లబల్ల

మంగళవారం, పొద్దున

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ క్షేమం. నాలుక తప్ప మిగతా అవయవాలన్నీ నెమ్మదించాయి.

బడి ఉత్సవాల సంచిక కోసం హైస్కూలు పాత భవనం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. పై గదిలో నల్లబల్ల అంత కిందికి ఉండడానికి కారణం, పొట్టి పిల్లల మీద మీ తాతయ్యకున్న ప్రేమ అని రాశావు. తప్పు. ఆ గదిలో కూర్చున్నది పదో తరగతి వాళ్ళు, ఒక్కొక్కడు గడకర్రలా ఉండేవాడు. పొట్టిగా ఉన్నది నేను. లెక్కల టీచరుగా చేరిన వారమే వడ్రంగిని పిలిపించి, నా చెయ్యి ఎంతవరకు అందుతుందో చూపించి బల్ల దింపించాను. నా తర్వాత వచ్చినవాళ్ళంతా నడుం వంచి రాస్తూ నన్ను తిట్టుకునే ఉంటారు. తలుచుకోవడానికి అదీ ఒక పద్ధతే.

కిటికీలు అంత ఎత్తున పెట్టింది పిల్లల ఏకాగ్రత కోసం కాదమ్మా. అది మొదట ధాన్యం గోదాము. బస్తాలకు బయటికి చూసే సరదా ఉండదు. బయట ఉన్న ఇనపమెట్లు నువ్వన్నట్టు అరుదైన శిల్పశైలీ కాదు. పై గది కట్టిన మేస్త్రీ మెట్ల సంగతి మరిచిపోయాడు. సున్నాలు కూడా వేశాక చూడడానికి వచ్చిన పెద్దమనుషులు పైకి దారి కోసం భవనం చుట్టూ తిరిగారట. మేస్త్రీని నిలదీస్తే, గది కావాలన్నారు గానీ ఎక్కుతామని చెప్పలేదు కదండీ అన్నాడట.

వానాకాలం ఆ మెట్లు జారేవి. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో కొలబద్ద పట్టుకుని ఎక్కేదాన్ని. ఎక్కాక మాత్రం ఆ గది నాది. వెనక బెంచీలో ఒక వెటకారం మనిషి ఉండేవాడు. టీచరుగారూ, ఈ సిద్ధాంతం రుజువు చేస్తే మాకేమొస్తుందండీ అని అడిగాడు. ముందు కూర్చోవడం వస్తుంది, కూర్చో అన్నాను. వాడే ఇప్పుడు మీ ఉత్సవాల కమిటీ అధ్యక్షుడు. ఆ గదికి మీ తాతయ్య పేరు పెట్టాలన్నదీ వాడేనట.

మీ తాతయ్య హెడ్మాస్టరయిన ఏడాదే నేను మానేశాను. సంసార బాధ్యతల వల్ల స్వచ్ఛందంగా విరమించుకున్నారని రాశావు. అదీ కాదు. భార్యాభర్తలు ఒకే బడిలో పనిచేయకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్నారాయన. హెడ్మాస్టరు వెళ్ళిపోతే బాగుండదు కాబట్టి నేను వెళ్ళాను. వీడ్కోలు సభలో నా త్యాగం గురించి ఆయనే మాట్లాడారు. బాగా మాట్లాడారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, నాతో సహా.

పేరు బోర్డు మీద గుడ్డ లాగడానికి నన్ను రమ్మన్నావు. రాను. మోకాళ్ళ నొప్పి అని చెప్పు. ఆ మెట్లు చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

దిద్దే అలవాటు పోని
మీ అమ్మమ్మ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసింది నలుగురికీ చెప్పే మాట. మీ తాతయ్య రిటైరయ్యాక వచ్చిన హెడ్మాస్టరు భార్య కూడా అదే బడిలో సైన్సు టీచరుగా చేరింది. మరి ఉత్తర్వు ఏమైందని అడిగితే ఆవిడ నవ్వి, అలాంటిది ఎప్పుడూ లేదే, మీకెవరు చెప్పారండీ అంది. ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. పేపరు మడిచారు. తనూ లెక్కల మాస్టరే కదా, పిల్లలు అర్థంకాని లెక్కలన్నీ పట్టుకుని తన గది ముందునుంచే పైకి నా దగ్గరికి పోతుంటే తనకెంత చిన్నతనం అన్నారు. ఆ తర్వాత కాఫీ ఉందా అని అడిగారు. ఉంది. ఇచ్చాను.

గదికి ఆయన పేరే ఉండనీ, ఎప్పటినుంచో కావాలనుకున్నారు. వ్యాసంలో మాత్రం ఉత్తర్వు ప్రస్తావన తేకు. హెడ్మాస్టరు చెబితే మానేసింది అని రాయి, అందులో అబద్ధం లేదు. నా ఫోటో కింద సతీమణి అన్నది కొట్టేయించి లెక్కల టీచరు అని పెట్టించు. ప్రెస్సువాళ్ళు ఒంటిగంటకు తాళం వేసి భోజనానికి పోతారు, ముందే వెళ్ళు. ఫోనులో చెబితే సరేనని మరిచిపోతారు. దిద్దిన ప్రూఫు నీ కళ్ళతో చూశాకే అక్కణ్ణుంచి కదులు.