మూడో గొట్టం

మార్చి 2, ఆదివారం

షెడ్డు తలుపు తీశాను. మా ఆయన పోయాక ఇదే మొదటిసారి. కారు మీద కప్పిన దుప్పటి అలాగే ఉంది.

కారు ఎవరో కొంటామని అడుగుతున్నారు, ఇచ్చేద్దామా అమ్మా అన్నారు మావయ్య. నడిచాక చూద్దామన్నాను. ఇంజిన్ అంతా మా ఆయనే బిగించి వెళ్ళారు. మిగిలింది హెడర్ ఒక్కటే. ఇంజిన్‌లోంచి పొగ తెచ్చే నాలుగు గొట్టాలు, కింద ఒకే నోట్లో కలవాలి. డెంటల్ ల్యాబ్‌లో పళ్ళు చేసుకునేదానివి, పైపులు నీకెందుకమ్మా అని నవ్వారు. అక్కడా ఇంతే మావయ్యా, ఖాళీ చూసి అందులో పట్టేది చేయడమే అన్నాను.

మార్చి 9

వంపు ముక్కలు కోయడం, అరగదీయడం, రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి బిగించి చూడటం. మొదటిది కుదిరింది. రెండోదీ కుదిరింది. మూడోది నా ప్రాణం తోడేస్తోంది.

మార్చి 12

నాలుగూ నిలబడ్డాయి! ఫుల్ వెల్డింగ్ నా వల్ల కాదు కాబట్టి మా వీధి చివర వెల్డర్‌ని పిలిచి చూపించాను. బావుందమ్మాయ్, కానీ ఈ మూడోదేంటి ఇలా డొంకతిరుగుడుగా పోయింది, దేన్ని తప్పించావు అన్నాడు.

స్టీరింగ్ రాడ్‌ని అనబోయాను. అది అటు పక్క ఉంది. బ్యాటరీ వెనకాల ఉంది. అక్కడ ఏమీ లేదు. ఏదో ఉందనుకునే వంచాను. ఏముందనుకున్నానో ఎంత ఆలోచించినా తట్టలేదు.

మార్చి 13

మూడోది విప్పి పక్కన పెట్టి, సూటిగా ఇంకోటి చేశాను. చక్కగా పట్టింది. హమ్మయ్య.

మార్చి 14

ల్యాబ్ నుంచి వచ్చేసరికి నేల మీద పడి ఉంది. మావయ్య షెడ్డు వైపే వెళ్ళలేదట. వెల్డింగ్ సరిగా పట్టలేదేమో. ఈసారి గట్టిగా పెట్టాను.

మార్చి 15

అతుకులు ఊడలేదు. గొట్టానికే సొట్ట పడింది. అడ్డంగా ఉందని ఎవరో పక్కకి నెట్టినట్టు.

మార్చి 16, ఆదివారం

మావయ్యని చేయి పట్టుకుని తీసుకొచ్చాను. కొడుకు పోయాక ఆయన షెడ్డు గడప తొక్కలేదు. పాత వంకర గొట్టం మళ్ళీ బిగించి చూపించాను. ఆ వంపుని వేలితో తడిమి చూశారు. తర్వాత వాడు ఇక్కడే నించునేవాడమ్మా అన్నారు. బానెట్ అంచు మీద చెంప ఆనించి, ఎడమ చెయ్యి కిందికి పెట్టి, అడుగున బోల్టులు తడుముకుంటూ నాతో కబుర్లు చెప్పేవాడు, పని అయిపోయినా చెయ్యి తీసేవాడు కాదు అన్నారు. ఇదిగో ఇలా అని తన చెయ్యి దించారు.

మోచెయ్యి సరిగ్గా వంపులో కూర్చుంది. చుట్టూ వేలెడు సందు.

వాళ్ళిద్దరూ అలా కబుర్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వేళకి ల్యాబ్‌లో ఉండేదాన్ని.

మావయ్య చెయ్యి తీసి రుద్దుకున్నారు. అక్కడ చల్లగా ఉందమ్మా అన్నారు. నేనూ పెట్టి చూశాను. షెడ్డు ఎండకి ఉడికిపోతోంది. అక్కడ మాత్రం నిజంగానే చల్లగా ఉంది.

వాడి చోటు వాడికి ఉంచు, కారు ఎవరికీ ఇవ్వొద్దు అన్నారు. వెళ్తూ వెళ్తూ షెడ్డు తలుపు వేయబోయి, మళ్ళీ ఏమనుకున్నారో, ఓరగా వదిలేశారు.

మార్చి 20

వంకరదానికే ఫుల్ వెల్డింగ్ చేయించాను. పొగకి చుట్టుదారి అవుతుందని సణిగాడు వెల్డర్. అయితే అవనీ అన్నాను.

మార్చి 23, ఆదివారం

స్టార్ట్ అయింది! తాళం తిప్పింది మావయ్యే. నా గుండె ఇంజిన్ కన్నా ఎక్కువ కొట్టుకుంది. గొట్టాలు ముందు బంగారు రంగుకి తిరిగాయి, తర్వాత నీలంగా. మూడోది మాత్రం వంపు దగ్గర రంగు మారలేదు. మావయ్య చూశారు. నేనూ చూశాను.

కింది జాయింట్ దగ్గర టప్ టప్‌మని గాలి లీకవుతోంది. చల్లారాక బిగించాలి.

మార్చి 24

మావయ్య కునుకు తీస్తున్నారు, లేపబుద్ధి కాలేదు. పైన నట్టు తిప్పేటప్పుడు కింద బోల్టు తిరగకుండా ఇంకొకరు స్పానర్‌తో పట్టుకోవాలి. ఒక్కదాన్నే వంపులోంచి చెయ్యి పెట్టి తిప్పి చూశాను.

కింద ఎవరూ పట్టుకోకపోయినా బోల్టు తిరగలేదు. నట్టు బిగుస్తూ వచ్చింది.

ఇక చాలా, అని అడిగాను.

కారు కింద స్పానర్ నేల మీద పెట్టిన చప్పుడైంది.